స్పోర్ట్ సెడాన్ కొనేముందు: పికప్‌నీ ఇంటి అవసరాన్నీ మీ దారిలోనే కొలుచుకునే పద్ధతి

బీఎండబ్ల్యూ ఎం340ఐ, 330ఎల్‌ఐ, మెర్సిడెస్ సీ300, ఆడి ఏ4, ఆడి ఎస్5 స్పోర్ట్‌బ్యాక్. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొత్తదో సెకండ్ హ్యాండ్‌దో స్పోర్ట్ సెడాన్ తీసుకోవాలనుకునేవాళ్ల కాగితం మీద ఎక్కువగా ఈ అయిదు పేర్లే కనిపిస్తాయి. వీటిలో ఏదీ చెడ్డ బండి కాదు. చిక్కల్లా పోల్చే పద్ధతిలోనే ఉంది. షోరూమ్ చుట్టూ పది నిమిషాలు తిప్పి అడ్వాన్సు కట్టేస్తే, నాన్నగారు వెనక సీట్లోంచి లేవడానికి తలుపు పట్టుకుని అవస్థ పడుతున్నారని, అపార్ట్‌మెంట్ ర్యాంపు మీద ముందు బంపరు రోజూ గీసుకుంటోందని బండి ఇంటికొచ్చాక తెలుస్తుంది. అప్పటికి చేయగలిగింది పెద్దగా ఉండదు. అందుకే పోలిక మొత్తం ముందే అయిపోవాలి. అన్ని బండ్లనూ ఒకే దారిలో, ఒకే వేళకి, మీ ఇంటివాళ్లతోనే నడిపి చూడాలి.

ముందు అంకెలను ఒకే కొలతలోకి తేవాలి

పవర్‌ని హార్స్‌పవర్‌లో పోల్చకండి, కిలోవాట్లలో పోల్చండి. జర్మన్ కంపెనీలు చెప్పే హార్స్‌పవర్ మెట్రిక్‌ది. మన పత్రికలు, వెబ్‌సైట్లు కొన్నిసార్లు దాన్ని బ్రేక్ హార్స్‌పవర్‌లోకి మార్చి రాస్తాయి. మెట్రిక్ లెక్కలో 387 అన్న ఇంజనే రెండో లెక్కలో 382 అవుతుంది. ఒక బండికి ఒక లెక్క, ఇంకో బండికి ఇంకో లెక్క తీసుకుంటే లేని తేడా పుట్టుకొస్తుంది. బరువు విషయంలోనూ ఇదే తిరకాసు. ఐరోపా పద్ధతిలో ఖాళీ బండి బరువులో డ్రైవర్‌కి 75 కిలోలు కలుపుతారు, పాత జర్మన్ పద్ధతిలో కలపరు. రెండు బండ్లకీ ఏ పద్ధతిలో చెప్పారో చూసుకోండి.

అమెరికాలో ఉన్న బంధువులు పంపే వీడియోల్లోని టైమింగ్‌లను ఇక్కడి అంకెల పక్కన పెట్టకండి. అక్కడ చెప్పేది గంటకు 60 మైళ్లు, అంటే 96.6 కిలోమీటర్ల వరకు. పైగా అక్కడి పత్రికల్లో చాలావరకు బండి మొదటి ఒక అడుగు కదిలాకే గడియారం మొదలుపెడతాయి. ఈ రెండూ కలిసి అదే బండిని కాగితం మీద మరింత వేగంగా చూపిస్తాయి.

ఇలా సరిచేసుకుంటే అసలు బొమ్మ కనిపిస్తుంది. 330ఎల్‌ఐ, సీ300 రెండూ 190 కిలోవాట్లు, 400 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజన్ తిప్పే బలం), రెండు లీటర్ల టర్బో, వెనక చక్రాల డ్రైవ్. 100 అందుకోవడానికి రెండూ 6 సెకన్ల చుట్టుపక్కలే తీసుకుంటాయి. వీటిలో ఏది ఎంచుకోవాలో పికప్‌తో తేలదు. ఏ4 40 టీఎఫ్ఎస్ఐ 150 కిలోవాట్లు, 320 న్యూటన్ మీటర్లు, ముందు చక్రాల డ్రైవ్, 7 సెకన్లకి కాస్త పైన. ఎం340ఐ, ఎస్5 వేరే వర్గం. రెండిటిలోనూ మూడు లీటర్ల ఆరు సిలిండర్లు, 500 న్యూటన్ మీటర్లు, నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్నాయి. కంపెనీల లెక్కలో ఎం340ఐకి 4.4 సెకన్లు, ఎస్5కి 4.8.

పికప్ అంటే 60 నుంచి 100

సున్నా నుంచి 100 అనేది గొప్పగా చెప్పుకోవడానికి బాగుంటుంది. రోజువారీ పనికొచ్చేది 60 నుంచి 100. శ్రీశైలం రోడ్డు లాంటి రెండు వరసల దారిలో లారీ వెనక 60లో వెళ్తూ దాన్ని దాటాలనుకున్నప్పుడు అక్కరకొచ్చేది ఈ అంకే. లెక్క చూడండి. 60 నుంచి 100కి సగటు వేగం 80, అంటే సెకనుకు 22 మీటర్లు. ఒక బండి ఈ పని 3 సెకన్లలో చేసి, ఇంకోటి 4.5 సెకన్లు తీసుకుంటే, రెండోది అదనంగా 33 మీటర్లు ఎదురు వరసలో ఉంటుంది. ఎదురొచ్చే బండి కూడా 80లో వస్తుంటే అదీ ఆ ఒకటిన్నర సెకనులో మరో 33 మీటర్లు దగ్గరకొస్తుంది. మొత్తం 66 మీటర్ల తేడా.

దీన్ని కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. పక్క సీట్లో మరొకరు ఉండాలి, వాళ్ల ఫోనులో సెకనుకు 60 ఫ్రేముల వీడియో పెట్టాలి, జీపీఎస్ స్పీడ్ చూపించే ఇంకో ఫోను మీటరు పక్కన కనపడేలా ఉంచాలి.

1. డ్రైవ్ మోడ్ కంఫర్ట్‌లో, గేరు డీలో ఉంచి ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద 60 దగ్గర అయిదు సెకన్లు నిలకడగా నడపండి.
2. యాక్సిలరేటర్‌ని ఒక్కసారిగా చివరిదాకా, అడుగున ‘టక్’ మని తగిలేవరకు తొక్కండి. 100 రాగానే వదిలేయండి.
3. వీడియోలో ఆ ‘టక్’ శబ్దం దగ్గరి నుంచి 100 కనిపించే ఫ్రేము వరకు లెక్కపెట్టి 60తో భాగించండి.
4. వెళ్లే దిక్కులో మూడుసార్లు, తిరిగొచ్చే దిక్కులో మూడుసార్లు చేసి సగటు తీయండి. ఎత్తుపల్లాలు, గాలి ప్రభావం చాలావరకు పోతాయి.

లెక్క శబ్దం దగ్గరే మొదలవ్వాలి, స్పీడు పెరగడం మొదలైన చోట కాదు. తొక్కాక గేర్‌బాక్స్ ఆలోచించి రెండు మూడు గేర్లు దించి, టర్బో ఊపందుకునేదాకా పోయే సమయం ఇందులో కలవాలి. బ్రోచర్‌లో ఎక్కడా రాయని తేడా అదే. బండి మీటరు స్పీడుని కాస్త ఎక్కువ చేసి చూపిస్తుంది, అందుకే జీపీఎస్. జీపీఎస్ అంకె కొంచెం ఆలస్యంగా మారుతుంది కానీ, అన్ని బండ్లకీ అదే ఫోను వాడితే పోలిక చెడదు.

హైదరాబాద్ ఔటర్ మీద ఈ పరీక్ష చేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అక్కడ కుడివైపు రెండు వరసల్లో పరిమితి 120, ఎడమ రెండు వరసల్లో 80. మధ్యలో ఆపడం నిషేధం. రద్దీ లేని వేళ, కుడి వరసల్లో, ముందూ వెనకా ఖాళీ ఉన్నప్పుడు మాత్రమే చేయండి. ఆగిన చోటి నుంచి పూర్తి పవర్‌తో దూకించే లాంచ్ కంట్రోల్ లాంటివి పబ్లిక్ రోడ్డు మీద వద్దేవద్దు.

ఈ కొలత ఒకసారి ఇద్దరితో, ఇంకోసారి నలుగురు ఎక్కి ఏసీ పూర్తిగా పెట్టి తీసుకోండి. నాలుగు సిలిండర్ల బండ్లు ఇక్కడ ఊపిరి బిగబట్టినట్టు అనిపిస్తాయి, ఆరు సిలిండర్లకి ఆ బరువు పట్టినట్టే ఉండదు. కుటుంబంతో హైవే ప్రయాణాలు ఎక్కువ చేసేవాళ్లకి పెద్ద ఇంజన్ ఆడంబరం కాదని మేం గట్టిగా చెప్పేది అందుకే.

ఎండ, పెట్రోలు

టర్బో ఇంజన్‌కి వేడి గాలి శత్రువు. వేడి గాలి పలచన, పైగా సిలిండర్లో నాక్ (ఇంధనం అదుపు తప్పి మండడం) వస్తుందని కంప్యూటర్ ఇగ్నిషన్ టైమింగ్‌ని వెనక్కి జరుపుతుంది, పవర్ తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఇరవై నిమిషాలు ట్రాఫిక్‌లో నడిపాక, పైన చెప్పిన 60–100 పరుగులు వరసగా మూడు తీయండి. మొదటిదానికీ మూడోదానికీ తేడా ఎంత తక్కువైతే ఆ బండి చల్లబరుచుకునే ఏర్పాటు అంత బాగున్నట్టు. చలికాలం ఉదయం తీసిన టైమింగ్ చూసి మురిసిపోతే వేసవిలో నిరాశే మిగులుతుంది.

ఈ ఇంజన్లకి 91 ఆక్టేన్ (నాక్‌ని పెట్రోలు తట్టుకునే స్థాయి) కన్నా 95 మంచిది. మూత లోపలి స్టిక్కర్ మీద కనీసం ఎంత, ఎంత ఉంటే మంచిది అని రెండూ ఉంటాయి, చదవండి. ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ95, భారత్ పెట్రోలియం స్పీడ్ 97 నగరాల్లో దొరుకుతాయి. మీరు తరచూ వెళ్లే ఊరి దారిలో దొరుకుతాయో లేదో చూసుకోండి. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా మూడోవంతు తక్కువ కాబట్టి 20 శాతం కలిపిన పెట్రోలులో లీటరుకు 6–7 శాతం శక్తి తగ్గుతుంది. పాత వీడియోల్లోని మైలేజీ రాలేదని బండిని తప్పుపట్టేముందు ఇది లెక్కేసుకోవాలి.

మైలేజీకి డాష్‌బోర్డ్ అంకెని నమ్మకండి. గన్ దానంతటది ఆగేవరకు ట్యాంకు నింపి, కనీసం 300 కిలోమీటర్లు నడిపి, అదే బంకులో అదే పంపు దగ్గర మళ్లీ నింపి భాగించాలి. 412 కిలోమీటర్లకి 38.2 లీటర్లు పడితే 10.8 వచ్చినట్టు. టెస్ట్ డ్రైవ్‌లో ఇది కుదరదు. అదే మోడల్ వాడుతున్న ఓనర్‌ని అడిగినప్పుడు ఆయన అంకె ఇలా తీసిందేనా అని అడగండి.

అసలు కథ టైర్లలో ఉంది

ప్రయాణ సుఖం, గుంతల దెబ్బ, నిర్వహణ ఖర్చు మూడూ టైరు దగ్గరే తేలుతాయి. సస్పెన్షన్ గురించి గంటలకొద్దీ వాదించుకునేవాళ్లు టైరు పక్కన రాసిన అంకెల్ని చదవరు. చదవడం తేలికే. 225/45 ఆర్18 అంటే వెడల్పు 225 మిల్లీమీటర్లు, రబ్బరు గోడ ఎత్తు దానిలో 45 శాతం, అంటే 101 మిల్లీమీటర్లు. 225/50 ఆర్17 అయితే 112. 225/40 ఆర్19 అయితే 90 మాత్రమే. 17 నుంచి 19కి వెళ్తే గుంతకీ రిమ్ముకీ మధ్య 22 మిల్లీమీటర్ల మెత్తదనం పోయినట్టు. రాత్రి వానలో నీళ్లు నిండిన గుంతలో 60లో పడితే టైరు పక్కన బుడ్డ కట్టేదీ, రిమ్ము వంగేదీ ఆ 22 మిల్లీమీటర్లు లేకపోవడం వల్లే. బుడ్డ వచ్చిన టైరుకి రిపేరు లేదు, మార్చాల్సిందే. ఒకే మోడల్‌లో రెండు రిమ్ము సైజులు ఉంటే చిన్నది తీసుకోండి. చూడ్డానికి 19 బాగుంటుంది, మన రోడ్ల మీద 18 బతికిస్తుంది.

తర్వాత రన్‌ఫ్లాటా కాదా చూడండి. బీఎండబ్ల్యూ టైరు మీద ‘ఆర్ఎస్‌సీ’ అనీ, మెర్సిడెస్‌ది అయితే ‘ఎంఓఈ’ అనీ ఉంటే అది రన్‌ఫ్లాట్. గాలి పోయినా 80 వేగం మించకుండా సుమారు 80 కిలోమీటర్లు నడపొచ్చు. రాత్రిపూట హైవే మీద ఆగాల్సిన పని లేకపోవడం నిజంగా పెద్ద భరోసా. దానికి చెల్లించే మూల్యం గట్టి గోడ, గరుకు ప్రయాణం. మెత్తదనం కోసం మామూలు టైర్లు వేయించుకునే ఓనర్లు చాలామంది ఉన్నారు. వేయిస్తే నాలుగూ వేయించండి, డిక్కీలో గాలి కొట్టే యంత్రం, పంక్చర్ కిట్ పెట్టుకోండి, స్టెప్నీ ఉందో లేదో ముందే చూసుకోండి. కొన్ని బండ్లలో స్టెప్నీకి గుంటే ఉండదు. ఇంకొన్నింటిలో సన్నటి స్టెప్నీని డిక్కీ అడుగున పైకి కనపడేలా పెడతారు, సామాన్ల చోటు అక్కడే పోతుంది.

ఎం340ఐలో ముందు టైర్లు 225, వెనకవి 255 వెడల్పు. అంటే ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి అరుగుదల సమం చేసుకునే వీలు లేదు, వెనక జత ముందుగా అయిపోతుంది. నాలుగు చక్రాల డ్రైవ్ బండ్లలో ఇంకో జాగ్రత్త. ముందు జతకీ వెనక జతకీ అరుగుదలలో 5 మిల్లీమీటర్ల తేడా ఉంటే చుట్టుకొలతలో దాదాపు ఒకటిన్నర శాతం తేడా వస్తుంది. తిన్నని రోడ్డు మీద కూడా ముందు, వెనక ఇరుసులు వేర్వేరు వేగాలతో తిరుగుతుంటాయి. బీఎండబ్ల్యూ నాలుగు చక్రాల డ్రైవ్ అయిన ఎక్స్‌డ్రైవ్‌లో మధ్యనున్న క్లచ్ ఆ తేడాని రోజంతా జారుతూ సర్దుకోవాలి, వేడెక్కి అరుగుతుంది. తక్కువ వేగంలో స్టీరింగ్ తిప్పినప్పుడు కుదుపులు వస్తుంటే మొదట నాలుగు టైర్ల గాడి లోతూ కొలిపించండి, ఆ తర్వాతే ఖరీదైన భాగాల జోలికి వెళ్లండి. కంపెనీ గుర్తున్న టైర్లే కొనడం ఇక్కడ పనికొస్తుంది: బీఎండబ్ల్యూకి నక్షత్రం, మెర్సిడెస్‌కి ‘ఎంఓ’, ఆడికి ‘ఏఓ’.

టెస్ట్ డ్రైవ్ బండిలో గాలి ఎంతుందో మీరే చూడండి. డ్రైవర్ తలుపు తెరిస్తే స్తంభం మీదో, పెట్రోలు మూత లోపలో ఎంత ఉండాలో రాసి ఉంటుంది. చల్లని టైరులో కొలవాలి. ఒక బండిలో రెండు మూడు పాయింట్లు తక్కువ, ఇంకోదానిలో ఎక్కువ ఉంటే సస్పెన్షన్ పోలిక అంతా వృథా. రెండిటినీ సరిచేశాక పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీది జాయింట్ల వరస మీదుగా ఒకే వేగంతో తీసుకెళ్లండి. కుదుపు ఒక్క దెబ్బతో అయిపోయిందా, ఆ తర్వాత కూడా వెనకభాగం ఊగుతోందా అన్నది వెనక సీట్లో కూర్చున్నవాళ్లే చెప్పాలి.

కింద తగలడం

అందరూ గ్రౌండ్ క్లియరెన్స్ అంకె అడుగుతారు. అది ఖాళీ బండిది. మీకు కావాల్సింది నలుగురు ఎక్కి, డిక్కీ నిండాక మిగిలే ఎత్తు. ఉదాహరణకి 140 మిల్లీమీటర్లు అనుకుందాం. ఆ ఎత్తుకి 2851 మిల్లీమీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) ఉన్న ఎం340ఐ దాటగల బ్రేకర్ వంపు 11.2 డిగ్రీలు, 2961 ఉన్న 330ఎల్‌ఐకి 10.8. పొడవు వల్ల వచ్చిన తేడా అర డిగ్రీ కూడా లేదు. అదే 330ఎల్‌ఐ బరువుకి 25 మిల్లీమీటర్లు దిగిందంటే 9 డిగ్రీలకి పడిపోతుంది. పొడుగు బండి కాబట్టి తగులుతుందన్న మాట సగమే నిజం, అసలు దోషి బరువు. కాబట్టి మనుషుల్ని ఎక్కించి, ముందు చక్రాల మధ్య ఇంజన్ కింది కవరు దగ్గర, రెండు ఇరుసుల నడుమ, ఈ రెండు చోట్లా స్కేలు పెట్టి కొలవండి.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. అలాంటిదాని మీద ఈ అయిదు బండ్లలో ఏదీ తగలదు. తగిలేది కాలనీవాళ్లు సిమెంటుతో పోసిన పొట్టి, ఎత్తు దిమ్మెల మీదే. వాటిని వాలుగా, ఒక్కో చక్రం ఎక్కేలా దాటించాలి. ర్యాంపు విషయంలో లెక్కలేమీ వద్దు. టెస్ట్ డ్రైవ్ బండిని మీ సెల్లార్‌లోకి దింపి, మళ్లీ ఎక్కించి చూడండి. షోరూమ్‌వాళ్లు ఒప్పుకోకపోతే ఒప్పుకునే షోరూమ్‌కి వెళ్లండి.

వెనక సీటు, డిక్కీ

డ్రైవర్ సీటుని మీకు సరిపడా పెట్టుకుని, దిగి, అదే సీటు వెనక మీరే కూర్చోండి. మోకాలికీ సీటుకీ మధ్య ఎన్ని వేళ్లు పడుతున్నాయో చూసుకోండి. 330ఎల్‌ఐకి మామూలు 3 సిరీస్ కన్నా ఎక్కువున్న 110 మిల్లీమీటర్లూ వెనక సీటువాళ్లకే దక్కుతాయి, కూర్చున్న క్షణంలో తెలిసిపోతుంది. మోకాళ్లతోపాటు తొడల ఆసరా చూడండి. కుషన్ నేలకి దగ్గరగా ఉంటే మోకాళ్లు పైకి లేస్తాయి, రెండు గంటల ప్రయాణానికి నడుం పట్టేస్తుంది. అయిదు బండ్లలోనూ నేల మధ్యన ఎత్తైన దిమ్మె ఉంటుంది, కాబట్టి అయిదో మనిషి దగ్గర దూరాలకే.

పెద్దవాళ్లుంటే వాళ్లని తీసుకెళ్లి మూడుసార్లు ఎక్కించి దించండి. మొదటిసారి ఉత్సాహంలో ఎవరైనా ఎక్కేస్తారు. మూడోసారి తల తగులుతోందా, లేవడానికి తలుపు పట్టుకుంటున్నారా, చీర కుచ్చిళ్లు గడపకి రాసుకుంటున్నాయా అన్నవి బయటపడతాయి. ఎస్5 వాలు కప్పు ఇక్కడ కష్టపెడుతుంది.

కానీ డిక్కీ దగ్గర ఎస్5దే పైచేయి. వెనక అద్దంతో సహా తలుపంతా పైకి లేస్తుంది, నిలువు పెట్టె కూడా లోపలికి పోతుంది. డిక్కీ లీటర్లని 20 బై 10 బై 5 సెంటీమీటర్ల దిమ్మెలు ఎన్ని పడతాయో లెక్కపెట్టి చెబుతారు. అడుగు అర, మూలల్లో సందులు కూడా అందులో కలుస్తాయి. సూట్‌కేసులకి ఆ సందులు పనికిరావు. కాబట్టి 3 సిరీస్‌కి 480, సీ క్లాస్‌కి 455 అన్న అంకెల్ని పక్కన పెట్టి, శంషాబాద్‌కి తీసుకెళ్లే మీ రెండు పెద్ద సూట్‌కేసులనే షోరూమ్‌కి పట్టుకెళ్లండి.

సెకండ్ హ్యాండ్ అయితే

ఇక్కడ పికప్ పోలిక రెండో మాట, బండి చరిత్ర మొదటి మాట. టైరు గోడ మీద నాలుగు అంకెలుంటాయి: 3222 అంటే 2022లో 32వ వారం తయారైంది. నాలుగు టైర్లకీ తేదీలు వేర్వేరుగా ఉంటే కారణం అడగండి. బ్రేక్ డిస్కు అంచు మీద కనీస మందం ముద్రించి ఉంటుంది, కొలిపించండి. బీఎండబ్ల్యూల్లో, ఎస్5లో ఉండే జెడ్ఎఫ్ కంపెనీ ఎనిమిది గేర్ల బాక్సు ఆయిల్ జీవితకాలం అని కొందరు మార్చరు. గేర్‌బాక్స్ చేసే కంపెనీయేమో 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. ఆ మైలేజీ దాటిన బండికి ఈ బిల్లు లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి మాట్లాడండి. ఎం340ఐ, ఎస్5లలో ఇంజన్ కంప్యూటర్‌ని ట్యూన్ చేయించి, అమ్మేముందు మళ్లీ పాతది ఎక్కించిన బండ్లుంటాయి. అధీకృత సర్వీస్ సెంటర్‌లో స్కాన్ చేయించి, సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు మారిందో అడగండి.

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో చాలా బండ్లు మునిగాయి. అలాంటివి కడిగి, పాలిష్ చేసి అమ్మకానికి వస్తాయి. సీటు బెల్టుని చివరిదాకా లాగండి, బయటికి కనపడని ఆ చివరి జానెడులో బురద గీత దాక్కుంటుంది. 3 సిరీస్ బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. దాని చుట్టూ ఉన్న కవర్లు తీయించి బోల్టులకి తుప్పు పట్టిందేమో, కార్పెట్ కింది స్పాంజి గట్టిపడిందేమో చేత్తో తడిమి చూడండి. బీమా కంపెనీ దగ్గర ఆ బండి మీద పాత క్లెయిముల వివరాలు అమ్మేవాళ్ల చేతే తెప్పించండి. తెప్పించడానికి వెనకాడితే ఆ బేరం అక్కడితో వదిలేయండి. కొన్నాక వానాకాలం మొదలయ్యేలోపు బీమాకి ఇంజన్ రక్షణ కవర్ జతచేయండి. మామూలు పాలసీలో నీళ్లు పీల్చి ఆగిన ఇంజన్‌కి పరిహారం సాధారణంగా రాదు. నిలిచిన నీళ్లలో బండి ఆగిపోతే స్టార్ట్ బటన్ మళ్లీ నొక్కకండి, తాడు కట్టి లాగించకండి, ఫ్లాట్‌బెడ్ పిలిపించండి.